పడితే వెంటనే లేవొద్దు

నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళలో చాలామంది తల ఎలా ఉందని అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, తెచ్చిన బత్తాయిలు నా కాళ్ళ దగ్గర పెట్టి, "జనగామ దిక్కు సముద్రమేడున్నది బిడ్డా?" అని అడిగారు. కుట్లు వేసిన తలతో, చీకటి చేసిన గదిలో పడుకుని నేను ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. అప్పుడు నోరు పెగల్లేదు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. సముద్రం లేదు. చెరువు ఉంది. నాకు చాలు.

నా పేరు స్వరూప. పుట్టింది జనగామ జిల్లా నర్మెట్ట దగ్గర ఒక పల్లెలో. ఉద్యోగం మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ వైపు, ఆడపిల్లల హాస్టల్ బడిలో వ్యాయామం టీచర్ని. మా ఆయన రవీందర్ భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుడు. మా సంసారం ఇలా మూడు జిల్లాల్లో పరుచుకుని ఉంటుంది, సెలవు దొరికినప్పుడు ఒకచోట చేరుతుంది. మా తమ్ముడు నవీన్ విశాఖపట్నం వైపు సముద్రం ఒడ్డున అలల మీద ఆటలు నేర్పేచోట పనిచేస్తాడు. వెళ్ళిన కొత్తలో వాడు "ఏంది" అన్నప్పుడల్లా అక్కడివాళ్ళు సినిమాలో కమెడియన్ని చూసినట్టు నవ్వేవాళ్ళట. ఇప్పుడు వాళ్ళ పిల్లలకు వాడే నేర్పుతున్నాడు. ఆ పిల్లలు ఒకరికొకరు "జర పైలం" అని చెప్పుకుంటున్నారు.

వాడి దగ్గరికి వెళ్ళినప్పుడే ఫాయిల్ సర్ఫింగ్ చూశాను. నిలబడడానికి ఒక పలక. దాని అడుగున మనిషి కాలంత కడ్డీ. కడ్డీ చివర చిన్న విమానానికి ఉన్నట్టు రెక్క. వేగం అందుకోగానే నీళ్ళలోని రెక్క పలకను పైకి ఎత్తేస్తుంది. అప్పుడు నీళ్ళకు తగలకుండా, చప్పుడు లేకుండా పోతూ ఉంటాం. అక్కడే మొదటిసారి అలా తేలిన ఆ కాసేపట్లో నాకు ఏడుపొచ్చింది. ముప్పై దాటిన ఆడది, పెళ్ళయినది, టీచరమ్మ, వీటిలో ఏదీ కాకుండా ఉన్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే దిష్టి తీసేవాళ్ళు.

ఇప్పుడు తల కుదుటపడింది. ఇలాంటి దెబ్బ తగిలి, "స్కానింగ్ మంచిగనే ఉందట గదా" అని అందరూ అంటుంటే తనలో తను కుమిలిపోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆ పలక ఎక్కబోయేవాళ్ళ కోసం కూడా.

జనవరి, భూపాలపల్లి

నవీన్ సెలవు మీద వస్తూ పాత ఫాయిల్ బోర్డు ఒకటి బస్సులో వేసుకొచ్చాడు. ఇది ఏ పంటకు వాడే మిషనని కండక్టర్ అడిగాడట. భూపాలపల్లి అవతల ఒక చెరువుంది. దాని తూము దగ్గర కాంక్రీటు గట్టు, గట్టు పక్కనే మంచి లోతు. కడ్డీ అడుగున తగలకుండా ఉండాలంటే లోతు కావాలి. చెరువులో అల ఉండదు కదా, అందుకని గట్టు మీద పరిగెత్తి పలక మీదికి దూకి, మోకాళ్ళు వంచుతూ లేస్తూ, నడుముతో తోసుకుంటూ పోవాలి. నవీన్ చేసి చూపించాడు. చేపలు పట్టేవాళ్ళు పని ఆపి చూశారు.

వాడు నాకు చెప్పాల్సినవన్నీ చెప్పాడు. ఈ విషయం ఒట్టేసి చెబుతాను, ఎందుకంటే తర్వాత అందరూ వాణ్ణే తిట్టారు. "అక్కా, పడ్డవంటె పలకకు దూరంగ పడు. రెండు చేతులు నెత్తి మీద పెట్టుకో. పడితే వెంటనే లేవొద్దు, రెక్క యాడుందో నీకు తెల్వదు. పైకొచ్చేటప్పుడు చెయ్యి ముందు రావాలె, నెత్తి ఎనుక." నేను తలూపాను. బడిలో పిల్లలు నాకు ఊపినట్టే ఊపాను. హెల్మెట్ ఒకటే ఉంది, వాడి తలకు సరిపోయేది. నాకు వదులై కళ్ళ మీదికి జారుతుంటే తీసి గట్టు మీద పెట్టాను.

పరిగెత్తాను, దూకాను. రెక్క ఎత్తింది. నాలుగైదు ఊపులు పోయాక పలక ముక్కు పైకి లేచింది, నేను వెనక్కి పడ్డాను. నాకు తెలిసింది అంతే. మిగిలింది రవీందర్ చెప్పాడు. ఆయన షిఫ్టు దిగి వచ్చి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను నీళ్ళలో మునిగి బాణంలా పైకి వచ్చానట, అదే క్షణంలో పలక తిరగబడి రెక్క నా చెవి పైన కొట్టిందట. నవీన్ దూకి ఒడ్డుకు లాగాడు. రవీందర్ తన తువ్వాల నా తలకు చుట్టి గట్టిగా పట్టుకున్నాడు. చేపలు పట్టేవాళ్ళ ఆటోలోనే, ఆ నీచువాసనలోనే దవాఖానకు పోయాం. నేను దారి పొడుగునా ఒకే ప్రశ్న అడిగానట, "బడికి లేటయితదా?" అని. ఆయన చెప్పిన ప్రతిసారీ విని, మళ్ళీ అడిగానట. ఈ మాట ఆయన ఇప్పటికీ అటు తిరిగే చెబుతాడు.

కుట్లు వేశారు. స్కానింగ్ తీశారు. లోపల రక్తం లేదు, ఎముక బాగుంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను.

ఫిబ్రవరి, నర్మెట్ట

మా అమ్మను మేం అవ్వా అనే పిలుస్తాం. అవ్వ నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. కుట్లు మానాయి. తల మాత్రం మానలేదు. మంచం మీద పక్కకు తిరిగితే ఇల్లు నాతోపాటు తిరిగేది, నేను ఆగినా అది ఆగేది కాదు. వెలుతురు పడేది కాదు. గిన్నె కిందపడితే కడుపులో తిప్పేది. మాట్లాడుతుంటే మాట దొరికేది కాదు. ఒకసారి గడప దాటుతూ పడిపోయాను. పరుగు పందేల్లో కప్పులు తెచ్చిన మనిషిని, గడప దాటలేకపోయాను. అప్పుడు భయం వేసింది. చావంటే కాదు, ఇలాగే ఉండిపోతానేమోనని.

చూసేవాళ్ళకు నేను దుక్కలా ఉన్నాను. చెయ్యి విరిగితే కట్టు కనబడుతుంది. నాకేం కనబడదు. ఒకావిడ అవ్వతో, నాకు వినబడేలాగే, "కొలువుకు పోబుద్ధి అయితలేదేమో" అంది. బడి నుంచి ఫోన్ చేసిన పెద్దసారు, "రిపోర్టులు నార్మలే కదమ్మా" అన్నారు. అవును సార్, రిపోర్టులు నార్మలే. వాటినే పంపిస్తాను, పరుగు పందెం పెట్టండి అని ఇప్పుడైతే అనేదాన్ని. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి ఏడ్చాను.

ఒక మధ్యాహ్నం అవ్వ వచ్చి మంచం మీద కూర్చుంది. నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. మా వైపు ఆ తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. అలా ఒట్టేస్తే ఇక దాటడానికి ఉండదు, దాటితే ఆ నెత్తికే ప్రమాదం.

"ఇంక జన్మల నీళ్లల్ల దిగ అని ఒట్టెయ్యి."

నేను చెయ్యి లాక్కున్నాను.

"ఎయ్య."

"నేను సచ్చినా మంచిదేనా?"

"నువ్వు సావద్దు, నేను ఒట్టెయ్య. నెత్తి దెబ్బ తిన్నది అవ్వా, నా ఇష్టం దెబ్బ తినలే."

అంత పొడుగు మాట మాట్లాడి చాలా రోజులైంది. తల పగిలిపోయేలా నొప్పి వచ్చింది. అవ్వ లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మూడు పూటలా అన్నం తెచ్చేది, జొన్నరొట్టె మెత్తగా నలిపి పాలలో కలిపి పెట్టేది, కిటికీకి తన ముదురు రంగు చీర అడ్డంగా కట్టేది. మాట మాత్రం లేదు. మేమిద్దరం మొండివాళ్ళమే, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో అడగక్కర్లేదు.

తల తిరగడం తగ్గకపోయేసరికి రవీందర్ సెలవు పెట్టి హనుమకొండలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. వెయిటింగ్ హాలు నాకు నరకం. నెత్తి మీద ట్యూబులైట్లు, ఎదురుగా గోడకు టీవీ, అందులో నలుగురు ఒకేసారి అరుస్తున్నారు. నేను కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని రవీందర్ భుజానికి ఆనుకున్నాను. ఆయన లేచి కౌంటర్ దగ్గర అడిగాడు, టీవీ తగ్గించమని. మిగతావాళ్ళు చూస్తున్నారు కదండీ అన్నారు. మా వెనక నర్మెట్ట పక్క తరిగొప్పుల నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన కూర్చున్నాడు, చేతులు వణికే జబ్బు. ఆయన లేచాడు. వణికే చేత్తోనే ప్లగ్గు వెతికి పీకేశాడు. హాలంతా ఆయన్నే చూసింది.

"వార్తలు యాడికి పోతయ్? రేపు గూడ గవే ఉంటయ్. పిల్లకు నెత్తి నొస్తున్నది."

ఆయన పేరు నాకు తెలియదు. నా జబ్బును రిపోర్టు అడగకుండా నమ్మిన మొదటి మనిషి ఆయనే.

రెండో మనిషి డాక్టరమ్మ. "స్కానింగ్‌లో విరిగింది కనబడుతుంది. కదిలిపోయింది కనబడదు" అంది. మెదడు లోపల కుదుపు తిన్నదని, మానడానికి టైము పడుతుందని, మానకముందే ఇంకో దెబ్బ తగిలితే చాలా ప్రమాదమని చెప్పింది. ఫోన్ వద్దు, ఎండ వద్దు, తొందర అసలే వద్దు. కాస్త తగ్గాక గోడ మీద చుక్క చూస్తూ తల తిప్పడం, ఒంటికాలి మీద నిలబడడం చెయ్యమంది. నేను మళ్ళీ ఆ పలక ఎక్కవచ్చా అని అడిగాను. రవీందర్ నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఆవిడ నవ్వకుండా, "ముందు గడప దాటండి. తర్వాత నేను చూసి చెబుతాను" అంది. కాదనలేదు. ఆ ఒక్కటీ పట్టుకుని ఇంటికొచ్చాను.

మార్చి

నవీన్ వచ్చాడు. వాడు సగమయ్యాడు. మా వాళ్ళందరూ తిట్టిన తిట్లు వాడి ముఖం మీద కనబడుతున్నాయి. చీకటి గదిలో కింద కూర్చుని, "నేనే తెస్తిని గా పలక" అన్నాడు.

"నువ్వు చెప్పినవ్. నేను లేచిన. ఎందుకు లేచిన్నో తెలుస్తలేదు" అన్నాను.

అది నన్ను నిజంగానే తొలుస్తోంది. విన్నాను, తలూపాను, మరి బాణంలా ఎందుకు పైకొచ్చాను? నవీన్ నా మంచం కోడు పట్టుకుని ముందుకు జరిగాడు. తర్వాత, "అక్కా, బాపు మనకు ఈత యాడ నేర్పిండు?" అన్నాడు.

వ్యవసాయ బావిలో. ఇంకెక్కడ? ఎండాకాలం ఊరి పిల్లలందరం ఒకటే బావి. నడుముకు బెండు కట్టి బాపు పైనుంచి తోసేవాడు, ఆ తర్వాత బెండు విప్పేవాడు. బావి ఇరుకు. ఒకరు దూకిన వెంటనే పైనుంచి ఇంకొకరు దూకుతారు, వాళ్ళ వెనక ఇంకొకరు. కింద ఆలస్యం చేస్తే ఎవరో ఒకరి మడమ నెత్తిన పడుతుంది. బాపు ఒడ్డున నిలబడి ఒకటే అరుపు అరిచేవాడు, "లే, లే, జల్ది లే!" అని. కాళ్ళు నిలువుగా పెట్టి దూకడం, అడుగున ఒక తన్ను తన్ని పైకి లేవడం, ఒడ్డు పట్టుకోవడం. ఎన్ని వందల సార్లు చేశామో. బాపు పోయి చాలా ఏళ్ళయింది. ఆ అరుపు మాత్రం నా కాళ్ళలో అలాగే ఉంది.

"నేను సముద్రం పోయినంక ఆ అలవాటు పోగొట్టుకోనీకి మస్తు తిప్పలు పడ్డ. నీకు నోటితోని చెప్పిన గని పడుడు నేర్పియ్యలే. ముందుగాల పడుడే నేర్పియ్యాలె" అన్నాడు నవీన్.

ఆ చీకట్లో నాకు నవ్వొచ్చింది. తల నొప్పెట్టేదాకా నవ్వాను. ఇన్నాళ్ళూ నేను విన్న కారణాలు వేరు. దిష్టి అన్నారు. శని అన్నారు. ఆడదానికి అంత దూకుడు పనికిరాదన్నారు. ఊళ్ళో చర్చికి పోయే పక్కింటి అక్క కూడా పాపం నా కోసం ప్రార్థన చేసి, ఇది ఒక హెచ్చరిక అంది. ఇవేవీ కాదు. ఒక అలవాటు. బావిలో నా ప్రాణం కాపాడిన అలవాటే చెరువులో నా తల పగలగొట్టింది. శని అయితే నేనేం చెయ్యలేను. అలవాటయితే మార్చడం నా ఉద్యోగమే. పరుగు ఎత్తుకునేటప్పుడు తప్పు కాలు ముందు పెట్టే పిల్లలను ఎంతమందిని మార్చలేదు!

మర్నాడే గోడ మీద చుక్క పెట్టించాను.

జూన్, కొత్తగూడ

బడి తెరిచేసరికి నడక సర్దుకుంది. తల వేగంగా తిప్పితే మాత్రం నేల కాస్త ఒరిగేది. నాకున్న అసలు గండం విజిలు. వ్యాయామం టీచర్ని, విజిలు ఊదితే కళ్ళ ముందు చుక్కలు. మొదటి రోజు మైదానంలో ఒకసారి ఊది, చెవులు మూసుకుని అక్కడే కూర్చుండిపోయాను. పిల్లలు చుట్టూ చేరారు. మర్నాడు వరసలో నిలబడి, "మేడం, మీరు రుమాలు కిందికి దించుండ్రి, మేం ఉరుకుతం" అన్నారు. అంతే, ఆ నెలంతా మా మైదానంలో విజిలు మోగలేదు. ఆటల మైదానం అంత నిశ్శబ్దంగా ఉందేమిటని పెద్దసారు వచ్చి చూశారు. రుమాలు దించాను, నలభై మంది పిల్లలు ఒక్కసారి కదిలారు. ఆయన కాసేపు చూసి వెళ్ళిపోయారు. నా రిపోర్టుల మాట మళ్ళీ ఎత్తలేదు.

వానలు మొదలయ్యాక డాక్టరమ్మ నన్ను కళ్ళు మూసుకుని నడిపించింది, మెట్లెక్కించింది, తల గట్టిగా తిప్పించింది. నేల ఒరగలేదు. "ఇక మీ ఇష్టం. తల మాత్రం కప్పుకోండి" అంది.

సెప్టెంబర్

చెరువు నిండింది. అసలు యుద్ధం ఇంట్లో. ఫాయిల్ బోర్డును రవీందర్ క్వార్టర్‌లో అటక మీద పెట్టి, ముందు పాత పరుపులు అడ్డం పెట్టాడు. నేను పరుపులు తీస్తుంటే వచ్చి నిలబడ్డాడు.

"మల్లనా?"

"నువ్వు రోజు భూమిల దిగుతవ్. నేనెన్నడన్న వద్దన్ననా? నువ్వు పైకొచ్చేదాంక నా పానం ఎట్లుంటదో నీకెరుకేనా?"

ఆయన నా చేతిలోని పరుపు తీసుకుని పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగానే అన్నాడు.

"నాకు నెత్తికి టోపీ ఉన్నది. పక్కన మనిషి ఉంటడు. పైకప్పు సూడకుంట అడుగు ముందుకెయ్యం. నీకు ఆనాడు ఏమున్నది స్వరూపా?"

ఆ రోజు గట్టు మీద తీసి పెట్టిన హెల్మెట్ గుర్తొచ్చింది. నేను మానెయ్యాలని కాదు ఆయన అడుగుతున్నది. ఆయన గనిలోకి వెళ్ళే పద్ధతిలో నేను చెరువులోకి వెళ్ళాలని. అది నాకు న్యాయంగా తోచింది. నా తలకు సరిగ్గా బిగిసే హెల్మెట్ నవీన్ పంపాడు, దెబ్బ ఆపే చొక్కా కూడా. ఒంటరిగా దిగకూడదు. వలలు వేసిన వైపు పోకూడదు. కర్రతో లోతు చూడకుండా గట్టు మీద పరుగెత్తకూడదు. ఒడ్డున బండి సిద్ధంగా ఉండాలి. ఇవన్నీ పిరికితనమని ఎవరైనా అంటే ఒకసారి మా ఆయనతో గనిలో దిగి అక్కడ అనమనండి.

ఆ ఆదివారం నవీన్ వచ్చాడు. రవీందర్ గాలి నింపిన ట్యూబుతో గట్టు మీద నిలబడ్డాడు. ఎవరు చెప్పారో, నర్మెట్ట నుంచి అవ్వ దిగింది. ఫిబ్రవరి నుంచి నాతో అవసరానికి తప్ప మాట్లాడని అవ్వ. గట్టు మీద చెరువుకు వీపు పెట్టి కూర్చుంది. ఆమె నా చెయ్యి మళ్ళీ తన నెత్తి మీద పెట్టుకుంటుందని భయపడ్డాను. ఈసారి నేను లాక్కోగలనో లేదో నాకే తెలియదు.

ఆ రోజు తేలాలని కాదు. పడాలని. పలక మీద నిలబడి, దానికి దూరంగా పక్కకు ఒరిగి పడడం. అంతే పాఠం. ముందు చేతులు నెత్తి మీదికి, తర్వాతే నీళ్ళు అని నవీన్ గట్టు మీద అవ్వకూ వినబడేలా మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఇంత చిన్న పనికి హెల్మెట్ పట్టీ మూడుసార్లు బిగించుకున్నాను. రెక్క తల మీద పడిన జ్ఞాపకం నాకు లేదనుకున్నాను గానీ, ఒంటికి ఉంది. తిరిగి వెళ్ళిపోదామని ఒక క్షణం నిజంగా అనిపించింది. అప్పుడు "కొలువుకు పోబుద్ధి అయితలేదేమో" అన్న గొంతు వినబడి ఒళ్ళు మండింది. ఆ మంటతోనే పడ్డాను.

నీళ్ళు మూసుకున్నాయి. వెంటనే కాళ్ళు అడుగును వెతికాయి, తన్ని లేవడానికి. లేవనివ్వలేదు. రెండు చేతులు తల చుట్టూ బిగించి, ముడుచుకుని, పచ్చటి చీకట్లో ఆగాను. లోపల ఒళ్ళంతా పైకి, పైకి అంటోంది. పైనుంచి ఎవరూ దూకడం లేదు స్వరూపా, ఆగు, అని చెప్పుకున్నాను. ఆ కాస్తసేపు, నిజం చెబుతున్నాను, ఈ ఏడాది మొత్తం కంటే పొడుగ్గా ఉంది. పైన పలక నీళ్ళను కొట్టిన చప్పుడు వినబడింది. అది సద్దుమణిగాక ఒక చెయ్యి ముందు పైకెత్తి, దాని వెనక తల తీసుకుని వచ్చాను.

పలక నాకు అందనంత దూరంలో తేలుతోంది. నవీన్ నవ్వుతున్నాడు. రవీందర్ ట్యూబు వదిలేసి మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. అవ్వ గట్టు మీద లేదు. తూము మెట్లు దిగి, చీర తడిసేలా నడుంలోతు నీళ్ళలో నిలబడి నా వైపే చూస్తోంది. ఆమెకు ఈత రాదు. నేను ఈదుకుంటూ దగ్గరికి వెళ్ళాను. ఆమె చెయ్యి లేచింది. ఆ చెయ్యి నా హెల్మెట్ పట్టీ పట్టుకుని, గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూసింది.

"చేతులు ఆలస్యంగ పెట్టినవ్" అంది అవ్వ. "మల్ల పడు."